మోకు పట్టినవాడు

ఓబులేసుకు ఉన్న దిగులు ఒక్కటే. ఇంత ఊపిరి సాధించాడు, దానికి తగిన పని ఒక్కటీ దొరకడం లేదు.

నవ్వకండి. మనకు గింజల దిగులుంటుంది, పిల్లల పెళ్ళిళ్ళ దిగులుంటుంది. సాధకుల దిగుళ్ళు సాధకులవి. ఓబులేసు జొన్నతాత ఆశ్రమానికి వచ్చిన కొత్తలో కుంభకం పట్టాడు. అంటే ఊపిరి లోపల బిగబట్టి, బొమ్మలాగా కదలకుండా కూర్చోవడం. మొదట్లో ముఖం పండుమిరపకాయ అయ్యేది. ఇప్పుడు అతను కళ్ళు మూసుకుని కూర్చున్నాడంటే, వంటసాలలో ఈరమ్మ ఒక రొట్టె తట్టి, పెనం మీద వేసి, రెండువైపులా కాల్చి, ఇంకో రొట్టెకు పిండి చేతిలోకి తీసుకునేదాకా ఛాతీ కదిలేది కాదు. భక్తులు చుట్టూ చేరి, తమ ఊపిరి కూడా మరిచిపోయి చూసేవాళ్ళు. ఆ చూపులు ఓబులేసుకు కళ్ళు మూసుకున్నా కనబడేవి.

జొన్నతాత మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆయనకు తీరిక ఎక్కడిది? ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. కుందేటి ఒడ్డున ఆ రేగడి సీమలో వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఆయన పాతర తెరిచి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు జొన్నరొట్టె పెట్టేవాడు. అందుకని జొన్నతాత. దేవుణ్ణి చూపించమని వచ్చినవాడి చేతికి కూడా ముందు రొట్టె ఇచ్చేవాడు. చాలామంది రొట్టె తిని, ఆ రెండో సంగతి అడగకుండానే వెళ్ళిపోయేవాళ్ళు.

పాతర చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి చెబుతాను. గట్టినేలలో లోతుగా తవ్విన గొయ్యి. కడుపు ఏనుగంత, నోరు గంపంత. లోపల అడుగునా పక్కలా చొప్ప పరిచి, జొన్నలు నింపి, నోటి మీద బండ వేసి, పైన మట్టి మెత్తి మూసేస్తారు. ఏళ్ళ తరబడి గింజ చెడదు. కావలసినప్పుడు బండ తీసి, సన్నగా ఉన్న మనిషిని నిచ్చెన మీద దింపితే, అతను గంపకెత్తి ఇస్తాడు, పైవాళ్ళు లాక్కుంటారు.

ఆ సంవత్సరం పంటలు పోయాయి. పాతర తీయాల్సిన రోజు వచ్చింది. ఓబులేసు తాత ముందు నిలబడ్డాడు.

"తాతా, అందరికీ ఏదో ఒక పని చెప్తివి. నాకు తగిన పని చెప్పు."

"నీ తమ్ముడు పాతర్లోకి దిగుతాడు. నువ్వు పైన మోకు పట్టుకో."

మోకంటే తెలుసు కదా, బండి మీద చొప్ప కట్టే లావుపాటి తాడు. దాని ఒక కొస లోపలికి దిగే మనిషి చంకల కింద కడతారు. ఇంకో కొస పట్టుకుని పైన ఒకడు కూర్చోవాలి. అంతే పని. ఓబులేసు ముఖం మాడిన రొట్టె అయింది.

"దానికి నేనెందుకు తాతా? గుంజకు కడితే సరిపోతాది."

"గుంజ పలకదు రా," అన్నాడు తాత.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారముంది. లోపలివాడు గంప నిండినప్పుడల్లా "గోవిందా!" అని కేకేయాలి. పైవాడు "గోవిందా!" అని బదులు పలకాలి. లోపలివాడు పలకకపోతే పైవాడు ఆలోచన పెట్టుకోకూడదు, లాగెయ్యాలి. వచ్చిన భక్తులు ఇదంతా నామస్మరణ అనుకుని చేతులు జోడించేవాళ్ళు. నామస్మరణే మరి. స్వామి పేరు ఏ పనిలో పలికినా స్వామి పేరే.

మొదటిరోజు తాత దగ్గరుండి తెరిపించాడు. బండ తీసిన వెంటనే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వేపకొమ్మల మోపు తాడుకు కట్టి, లోపలికి దించడం, పైకి లాగడం, దించడం, లాగడం, పొద్దు పైకెక్కేదాకా అదే పని. వచ్చినవాళ్ళలో ఒకాయన పక్కవాడి చెవిలో, "స్వామివారు పాతరకు దిష్టి తీస్తాండారు," అన్నాడు. తాతకు వినబడింది.

"దిష్టి కాదప్పా. పాతర కూడా మనలాగ ఊపిరి తీస్తాది. మూసినన్నాళ్ళు లోపలి గాలంతా అదే తినేసింటాది. ముందు దానికి గాలి పెట్టల్ల. ఆనక మనిషిని పంపల్ల."

తర్వాత దీపం దించాడు. దీపం అడుగుదాకా పోయి నిలకడగా వెలిగింది. అప్పుడు సుంకన్న దిగాడు. సుంకన్న ఓబులేసు తమ్ముడు, ఈరమ్మ మొగుడు. రెల్లుపుల్లలాంటి మనిషి. అతను నిచ్చెన మీద కాలు పెడుతుంటే ఈరమ్మ, "తొందరగా రా, లోపల్నే కునుకు తీసేవు!" అంది. "నీ గొంతు వినబడని చోటు దొరికితే కునుకెందుకు, కాపురమే పెడతా!" అని సుంకన్న లోపలికి జారుకున్నాడు. అందరూ నవ్వారు.

ఆ రోజంతా కింది నుంచి "గోవిందా!" అంటే పైన "గోవిందా" అనడం. ఓబులేసు పలికాడు, పలక్కేం. ఈగను తోలుతున్నట్టు పలికాడు.

సాయంత్రం, ఏడాదంతా రాని వాన ఆ రోజే వచ్చింది. బండ మూసేలోపు పాతర నోట్లో నాలుగు ధారలు పడనే పడ్డాయి. మూసి, మట్టి మెత్తారు.

తెల్లవారింది. ఆకలిగా వచ్చినవాళ్ళు ఆశ్రమం వాకిట్లో బారులు తీరి కూర్చున్నారు. తాత వంటసాలలో పిండి పిసుకుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ పోయి బండ తీశారు.

సుంకన్న వేపకొమ్మల వైపు చూశాడు. "అన్నా, గాలి కొట్టల్ల గదా? దీపం?"

"నిన్న చేసినాం గదరా! మాపున మూసిందాన్ని పొద్దున్నే తెరిచినాం, అంతలో లోపల దయ్యం కాపురం పెట్టింటాదా? వాకిట్లో పసిపిల్లోళ్ళు ఏడుస్తాండారు. దిగు."

"మోకు?"

"అది కట్టుకో. లేకుంటే తాత నన్ను తిట్టిపోస్తాడు."

అమ్మలారా, మీకు నేను చెప్పాలా? తడిసిన గింజ కుప్పలో ఎట్లా వేడెక్కుతుందో మీ చేతులకు తెలుసు. ఆ వేడెక్కిన గింజే మూతపడ్డ చోట గాలిని తినేస్తుంది, చెడ్డ ఆవిరి వదులుతుంది. నెలలు పట్టదు, ఒక రాత్రి చాలు. దానికి రంగు లేదు, పొగ లేదు, ముక్కుకు అందదు. గాలికన్నా బరువు. నీళ్ళు నిలిచినట్టు అడుగున నిలిచి ఉంటుంది. పైనుంచి తొంగిచూసిన ఓబులేసుకు కనబడింది ఏమిటి? చక్కటి ఎర్రజొన్నలు.

సుంకన్న దిగాడు. "గోవిందా!"

"గోవిందా," అన్నాడు ఓబులేసు.

మొదటి గంప పైకొచ్చింది. ఇంతలో కొత్తగా వచ్చిన భక్తులు కొందరు చుట్టూ చేరారు. "ఈయనేనంట, ఊపిరి ఆపే సామి," అని ఒకామె పక్కామెతో గుసగుసలాడింది. ఆ గుసగుస మన ఓబులేసు చెవిలో తేనె పోసినట్టు పడింది. వెన్ను నిటారయింది. కళ్ళు మూతపడ్డాయి. మోకు ఒళ్ళో పెట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి, బిగబట్టాడు.

కింది నుంచి వినబడింది. "గోవిందా!"

కుంభకంలో ఉన్నవాడు ఎట్లా పలుకుతాడు? పలికితే ఊపిరి పోతుంది. చూసేవాళ్ళు చూస్తున్నారు. తర్వాత పలకొచ్చులే అనుకున్నాడు.

"గోవిందా…"

ఈసారి గొంతు సన్నగా ఉంది. గింజల్లో దూరి తవ్వుతున్నాడేమో అనుకున్నాడు. ఇంకాసేపు. ఇంకొంచెం. భక్తులు "ఆహా" అంటున్నారు.

గింజల కోసం వచ్చిన ఈరమ్మ ఆగిపోయింది. "బావా! లోపల ఈయన పలకడం లేదే?"

ఓబులేసు ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చేసింది. "సుంకా! ఒరే సుంకా!"

పాతర నోట్లోంచి అతని అరుపే అతనికి తిరిగొచ్చింది. వంగి చూశాడు. గింజల వాలు మీద తమ్ముడు ఒరిగిపోయి ఉన్నాడు, పక్కన గంప బోర్లా పడి ఉంది.

చూడండి, ఆ క్షణంలో మనమైనా ఏం చేస్తాం? తోడబుట్టినవాడు కళ్ళముందు పడి ఉంటే ఎవరాగుతారు? ఓబులేసు మోకు విసిరేశాడు. భుజం మీది కండువా లాగేశాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పని ఇదే అనుకున్నాడు. తనకు ఊపిరుంది, దిగుతాడు, తెస్తాడు. గుండెల నిండా గాలి పీల్చి, రెండు కాళ్ళూ పాతర నోట్లో పెట్టాడు.

వెనకనుంచి ఒక చెయ్యి అతని జుట్టు పట్టుకుంది. ఆ చేతికి జొన్నపిండి అంటుకుని ఉంది.

ఈరమ్మ కేకకు తాత వంటసాల నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఎట్లా పరిగెత్తాడో స్వామికే తెలియాలి. ఒక చెయ్యి ఓబులేసు జుట్టు మీద. ఎడమకాలు నేల మీద జారిపోతున్న మోకు మీద. లోపల సుంకన్న ఒళ్ళు వాలుమీద జారేకొద్దీ మోకు కూడా పాములాగా పాతర నోట్లోకి పోతోంది. తాత పాదం కింద అది ఆగింది.

"వదులు తాతా! నా తమ్ముడు!"

"యాడికి పోతాండావు?"

"వాని కాడికి!"

"వాడు నీ చేతిలోనే ఉండె గదరా. వదిలేసి యాడికి పోతాండావు?"

ఓబులేసు తాత ముఖం చూశాడు. తర్వాత తాత పాదం చూశాడు. పాదం కింద మోకు. మోకు ఆ కొసన తమ్ముడు.

కాళ్ళు బయటికి తీశాడు.

అప్పటికే ఇద్దరు కుర్రవాళ్ళు పంచెలు ఎగగట్టి ఉరికొచ్చారు. "మేం దిగుతాం తాతా!"

"దిగినోన్ని దిగినట్టే పూడ్చల్ల!" అని తాత గర్జించాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు. "ఒకని కోసం ఒకడు, వాని కోసం ఇంకొకడు, ఊరంతా దీంట్లోనే పండుకుంటారా? పట్టండి మోకు! అమ్మా ఈరమ్మా, ఏడ్చేది ఆనక, నువ్వు కూడా పట్టు!"

పట్టారు. ఓబులేసు ముందు, వెనక ఈరమ్మ, ఆ వెనక కుర్రవాళ్ళు, ఆ వెనక ఊపిరాపే సామిని చూడ్డానికొచ్చిన భక్తులు. లాగారు. బరువు కదిలింది. గింజలు జలజలా రాలిన చప్పుడు వినబడింది. పైకొచ్చింది, వచ్చింది, నోటి దగ్గర ఆగిపోయింది.

"ఆగండి! గుంజద్దు!" తాత చింతకాయలు కోసే దోటి తెప్పించాడు. ఆవిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని, దోటి కొక్కెంతో సుంకన్న చెయ్యి ఒకటి పైకెత్తాడు, భుజం వాటంగా తిప్పాడు. రెల్లుపుల్ల లాంటి సుంకన్నకే ఆ నోరు అంత ఇరుకు. ఓబులేసు తన భుజాలు తాను చూసుకున్నాడు. తాను దిగి ఉంటే? సీసాకు బిరడా వేసినట్టుండేది. పైన తను, కింద తమ్ముడు.

"ఇప్పుడు. నిదానంగా. గోవిందా!"

"గోవిందా!" అని అందరూ ఒక్క లాగు లాగారు. సుంకన్న బయటపడ్డాడు.

పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఛాతీ కదలడం లేదు. గాలి తగిలేచోట వెల్లకిలా పడుకోబెట్టారు. ఈరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

తాత ఓబులేసు మెడ మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "తల వెనక్కి వంచు. ముక్కు మూసి నోట్లో ఊదు. ఏడవని బిడ్డకు మంత్రసాని ఊదుతాది చూడు, అట్ల."

"ఎంతసేపు తాతా?"

"వాడు చాలనేదాకా."

ఓబులేసు ఊదాడు. తమ్ముడి ఛాతీ లేచింది, పడింది. మళ్ళీ ఊదాడు. లేచింది, పడింది. ఎన్నో ఏళ్ళుగా తన ఛాతీ కదలకుండా ఉంటే జనం చూసేవాళ్ళు. ఇప్పుడు అతని వైపు ఒక్కరూ చూడటం లేదు. అందరి కళ్ళూ సుంకన్న ఛాతీ మీదే. ఓబులేసు కళ్ళు కూడా. ఊదాడు. లోపల దాచుకున్నదంతా, గొప్పగా చెప్పుకున్నదంతా, పిసరంత మిగుల్చుకోకుండా ఊదాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఊదాడు.

సుంకన్న దగ్గాడు.

ఒక్క దగ్గు. తర్వాత పొడవాటి ఊపిరి, చిరిగిన బట్ట లాగినట్టు. తర్వాత ఇంకొకటి. దానంతట అదే! ఎవరూ ఊదకుండానే! పెదవుల మీద ఎరుపు ఎక్కడినుంచో నడిచొచ్చినట్టు మెల్లగా వచ్చింది. కళ్ళు తెరిచాడు.

ఎంత కేక వేశారనుకున్నారు! వాకిట్లో రొట్టె కోసం కూర్చున్నవాళ్ళు ఆకలి మరిచి లేచారు. ముసలివాళ్ళు చేతులు పైకెత్తారు. "గోవిందా! గోవింద!" అంటూ ఆశ్రమం దద్దరిల్లింది. కుందేటి అవతలి ఒడ్డున గొర్రెలు కాసేవాళ్ళు ఏ దేవుడి తిరునాళ్ళో అనుకుని దండం పెట్టారట. స్వామి ఆ రోజు ఆ వాకిట్లో నిలబడ్డాడని నేనంటాను. కాదనేవాళ్ళుంటే సుంకన్నను అడగండి.

ఈరమ్మ మొగుడి ముఖం రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, నెత్తిన ఒకటి మొట్టింది. "కాపురం పెడతానంటివే! పెట్టినావా కాపురం?"

సుంకన్న ఆమెను చూసి నవ్వబోయాడు. చేతకాలేదు. చూపు తిప్పి అన్నను వెతుక్కున్నాడు. గొంతు గీరుకుపోయినట్టుంది.

"ఎన్నిసార్లు పిలిస్తి అన్నా… పలకవేంది?"

కోపం లేదు ఆ మాటలో. నిందా లేదు. చిన్నప్పుడు చీకట్లో అన్న పక్కన లేడని మేలుకున్న పిల్లవాడి గొంతు. అంతే.

ఓబులేసు తమ్ముడి అరచెయ్యి తన ముఖానికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.

తాత వైపు చూశారు అందరూ. ఇప్పుడేదో చెబుతాడని, రెండు మంచి మాటలు వింటామని. తాత చేతుల పిండి దులుపుకున్నాడు.

"పెనం మీద రొట్టె మాడుతాంది," అని వంటసాలలోకి వెళ్ళిపోయాడు.

కబురు ఆగుతుందా? చచ్చిన తమ్ముణ్ణి ఓబులేసు ఊపిరి పోసి బతికించాడని ఊరూరా పాకింది. ఒక ఊళ్ళో ఊదాడన్నారు, ఇంకో ఊళ్ళో చూసి బతికించాడన్నారు. ఓబులేసు పుట్టిన ఊరివాళ్ళయితే ఆగలేకపోయారు. మా ఊరి బిడ్డ అని, చందా వేసుకుని, గజమాల కట్టించి, డప్పులు పెట్టుకుని బయల్దేరారు. ఆశ్రమం నుంచి కుందేటి దాకా భుజాల మీద ఊరేగించాలని.

వాళ్ళొచ్చేసరికి పాతర దగ్గర పని నడుస్తోంది. తడిసిన గింజంతా తీసి ఎండేయాలి. సుంకన్న ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఆ పొద్దున ఓబులేసు తానే బండ తీశాడు, తానే వేపకొమ్మలు దించాడు. చెమటలు కారేదాకా గాలి కొట్టాడు. దీపం దించాడు, వెలిగింది. నమ్మకం కుదరక ఇంకాసేపు గాలి కొట్టి, మళ్ళీ దించాడు. మళ్ళీ వెలిగింది. "ఇప్పుడు ఎవరు దిగుతారు?" అని చుట్టూ చూశాడు. తన భుజాలు పట్టవు. కుర్రవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు.

తాత వచ్చాడు. పైపంచె తీసి పక్కన పెట్టాడు. కింద ఎండిన చొప్పకాడలాంటి ఒళ్ళు. మోకు ఒక కొస తన చంకల కింద చుట్టుకుని, గట్టిగా ముడేసుకున్నాడు. రెండో కొస ఓబులేసు చేతిలో పెట్టాడు.

"తాతా, నువ్వా? నా చేతిలోనా?" ఓబులేసు మోకు కొస వెనక్కి చాపాడు. "నేనేం చేసినానో తెలిసి కూడా…"

"తెలుసు గనకే," అన్నాడు తాత. నిచ్చెన దిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే డప్పులు ఆశ్రమంలోకి వచ్చాయి. ఎట్లాంటి డప్పులు! నేల అదిరిపోతోంది. ముందు గజమాల మోస్తున్న ఊరిపెద్ద, వెనక ఈలలు, కేకలు. "ఏడీ మా ఓబులేసు? లే అబ్బోడా, లే! ఎక్కు భుజాల మీద!" నలుగురు వచ్చి చంకల్లో చేతులు పెట్టారు.

ఓబులేసు కదల్లేదు. నేల మీద రెండు మడమలూ తన్నిపట్టి, మోకు రెండు చేతులకూ చుట్టుకుని, తల పాతర వైపు వంచి, చెవి పెట్టి ఉన్నాడు.

"ఏం అబ్బోడా? మేళం నీ కోసమే!"

ఓబులేసు తల ఎత్తకుండానే అన్నాడు.

"మామా, నీకు దండం పెడతా. డప్పులు ఆపించు. లోపల మనిషుండాడు. పిలిస్తే నాకు వినబడల్ల."

ఊరిపెద్ద చెయ్యెత్తాడు. ఒక్కొక్క డప్పూ ఆగింది.

పాతర అడుగు నుంచి ముసలిగొంతు పిలిచింది. ఓబులేసు గుండె నిండా పలికాడు.